అన్నీ పేజ్ లోడ్‌లో కుక్కకండి: వెబ్ ఫార్మ్స్‌లో ఏ కోడ్ ఎక్కడ రాయాలి

ముందు మీ ప్రశ్న ఏమిటో నాలుగు మాటల్లో చెప్పుకుందాం. మాదాపూర్‌లో ఒక కంపెనీలో చేరారు, పాత ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫార్మ్స్ అప్లికేషన్ మెయింటెనెన్స్ మీ చేతికొచ్చింది. దరఖాస్తు ఫారంలో మూడు చోట్ల ఇబ్బంది. జిల్లా డ్రాప్‌డౌన్‌లో రంగారెడ్డి ఎంచుకుని సేవ్ కొట్టినా డేటాబేస్‌లో ఆదిలాబాదే పడుతోంది. 'ఇంకో కుటుంబ సభ్యుణ్ణి చేర్చు' బటన్ నొక్కితే వచ్చిన టెక్స్ట్‌బాక్సులు, తర్వాత ఏ బటన్ నొక్కినా మాయమైపోతున్నాయి. క్యాలెండర్‌తో నింపిన పుట్టినతేదీ సర్వర్‌కి ఖాళీగా వస్తోంది. పేజీ లైఫ్‌సైకిల్‌లో, అంటే సర్వర్‌లో పేజీ తయారయ్యే దశల్లో, వచ్చే ఈవెంట్ల పేర్లు వరసగా నోటికొచ్చు, ఏ కోడ్ ఎక్కడ రాయాలో మాత్రం తెలియట్లేదు అన్నారు.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల డాట్ నెట్ కోచింగ్ తీసుకున్న ఎవరినడిగినా ప్రీఇనిట్, ఇనిట్, లోడ్, ప్రీరెండర్, అన్‌లోడ్ అని గడగడా చెప్పేస్తారు. ఇంటర్వ్యూకి అది చాలు, పనికి చాలదు. ఎందుకంటే మీ మూడు సమస్యలకూ మూలమైన మెట్లు అసలు ఈవెంట్లే కావు. మామూలు పేజీలో వాటికి హ్యాండ్లర్ రాసే పని ఉండదు కాబట్టి నోట్సుల్లో వాటి ఊసే ఉండదు. ఒకటి, వ్యూస్టేట్ (గత జవాబులో పేజీలోనే దాచి పంపిన కంట్రోల్స్ స్థితి) వెనక్కి రావడం. రెండు, బ్రౌజర్ పంపిన విలువలు కంట్రోల్స్‌లోకి (టెక్స్ట్‌బాక్స్, డ్రాప్‌డౌన్ లాంటివాటిలోకి) ఎక్కడం. ఈ రెండూ ఇనిట్ అయిపోయాక, లోడ్ మొదలయ్యేలోపు జరిగిపోతాయి. ఏ లైన్ రాసేముందైనా ఇలా అడగండి: ఈ కంట్రోల్‌లో ఉన్న విలువను ఇప్పటిదాకా ఎవరు పెట్టారు, నా తర్వాత ఎవరు మారుస్తారు? దీనికి జవాబు తెలిస్తే కోడ్ ఎక్కడ రాయాలో దానంతట అదే తేలుతుంది.

ఇంకో విషయం కూడా మనసులో గట్టిగా పెట్టుకోవాలి. ప్రతి రిక్వెస్ట్‌కీ పేజీ ఆబ్జెక్ట్ కొత్తగా పుడుతుంది, జవాబు పంపగానే పోతుంది. సేవ్ బటన్ నొక్కినప్పుడు సర్వర్‌లో ఉన్నది మీరు ఇందాక చూసిన పేజీ కాదు, ఇంకోటి. క్లాస్‌లో పైన పెట్టుకున్న వేరియబుల్స్ అందుకే ఖాళీ అవుతాయి. అలా ఖాళీ అవుతున్నాయని వాటికి స్టాటిక్ తగిలించిన కోడ్ చాలా చోట్ల చూస్తుంటాం. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. స్టాటిక్ అంటే ఆ అప్లికేషన్ వాడే అందరికీ కలిపి ఒకటే వేరియబుల్. ఒకరు టైప్ చేసిన ఆధార్ నంబర్ ఇంకొకరి తెర మీద కనిపించే ప్రమాదం ఉంది. డెవలప్‌మెంట్ మెషీన్‌లో మీరొక్కరే కాబట్టి టెస్టింగ్‌లో ఇది ఎప్పటికీ బయటపడదు.

సిద్ధాంతం కన్నా ముందు కళ్ళతో చూడండి. మీ డెవలప్‌మెంట్ మెషీన్‌లో ఆ పేజీ డైరెక్టివ్‌లో (ఫైల్ పైన ఉండే @ Page లైన్) ట్రేస్‌ని ట్రూ చేసి రన్ చేయండి. పేజీ కింద పెద్ద పట్టిక వస్తుంది. మొదటిసారి తెరిచినప్పుడు బిగిన్ ప్రీఇనిట్, ఎండ్ ప్రీఇనిట్, బిగిన్ ఇనిట్... ఇలా వరసగా ఉంటాయి, పక్కన ఎంత సమయం పట్టిందో ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి సేవ్ నొక్కి, రెండో పట్టికని మొదటిదానితో పోల్చండి. మధ్యలో కొత్త లైన్లు కనిపిస్తాయి. ఇనిట్ కంప్లీట్ తర్వాత లోడ్‌స్టేట్ (వ్యూస్టేట్ వెనక్కి రావడం), ప్రాసెస్ పోస్ట్‌డేటా (బ్రౌజర్ విలువలు ఎక్కడం). లోడ్ తర్వాత 'ప్రాసెస్ పోస్ట్‌డేటా సెకండ్ ట్రై', దాని కింద రైజ్ ఛేంజ్డ్ ఈవెంట్స్, ఆ కింద రైజ్ పోస్ట్‌బ్యాక్ ఈవెంట్. మీ బటన్ క్లిక్ నడిచేది ఆ చివరి దాంట్లో. అంటే క్లిక్ కన్నా ముందే లోడ్ మొత్తం అయిపోతుంది. ఈ రెండు పట్టికలు ప్రింట్ తీసి డెస్క్ దగ్గర అంటించుకున్నా తప్పు లేదు. ప్రొడక్షన్‌లో మాత్రం ట్రేస్ ఆన్ చేయకండి, సెషన్‌లో ఏమున్నాయో, కుకీలేమిటో అన్నీ చూపించేస్తుంది.

ఇక జిల్లా సంగతి. మీ కోడ్‌లో పేజ్ లోడ్‌లోనే జిల్లాల జాబితాను బైండ్ చేస్తున్నారు (అంటే తెచ్చి డ్రాప్‌డౌన్‌లో నింపుతున్నారు), ఇజ్‌పోస్ట్‌బ్యాక్ (పేజీ మొదటిసారి తెరిచారా, బటన్ నొక్కి మళ్ళీ పంపారా అని చెప్పేది) చూడకుండా. ఏం జరుగుతోందో మెట్టు మెట్టుగా చూద్దాం. సేవ్ నొక్కగానే కొత్త పేజీ పుడుతుంది, ఇనిట్‌లో డ్రాప్‌డౌన్ ఖాళీ. లోడ్‌స్టేట్‌లో వ్యూస్టేట్ నుంచి 33 జిల్లాలూ తిరిగి వచ్చి కూర్చుంటాయి. ప్రాసెస్ పోస్ట్‌డేటాలో బ్రౌజర్ పంపిన 'రంగారెడ్డి'ని ఆ జాబితాలో వెతికి సెలెక్ట్ చేస్తుంది. ఇక్కడిదాకా అంతా సవ్యంగా ఉంది. తర్వాత మీ పేజ్ లోడ్ వచ్చి జాబితా మొత్తం తుడిచేసి మళ్ళీ నింపుతుంది. జాబితాతోపాటు ఎంపిక కూడా పోయింది. డ్రాప్‌డౌన్‌లో ఏదీ ఎంచుకోకపోతే మొదటిదే ఎంచుకున్నట్టు లెక్క కాబట్టి క్లిక్‌లో మీరు చదివేసరికి ఆదిలాబాద్.

'సెకండ్ ట్రై ఉంది కదా, అదెందుకు కాపాడదు?' అనే అనుమానం రావచ్చు. మొదటిసారి వెతికినప్పుడు పేజీలో దొరకని కంట్రోల్స్ కోసం మాత్రమే ఆ రెండో ప్రయత్నం. మీ డ్రాప్‌డౌన్ మొదటిసారే దొరికింది, దాని పని అయిపోయినట్టే లెక్క. చాలామందిని తికమక పెట్టే సంగతి ఇంకోటుంది. సెలెక్టెడ్ ఇండెక్స్ ఛేంజ్డ్ ఈవెంట్ మాత్రం మామూలుగానే వస్తుంది. విలువ మారిందని ప్రాసెస్ పోస్ట్‌డేటా అప్పటికే రాసిపెట్టుకుంది, లోడ్ తర్వాత ఆ ఈవెంట్‌ని పేలుస్తుంది. ఈవెంట్ వస్తోంది, అందులో విలువ తప్పు. దాంతో అందరూ ఈవెంట్ హ్యాండ్లర్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు, తప్పేమో లోడ్‌లో ఉంటుంది.

పరిష్కారం మీకు తెలిసిందే. ఇజ్‌పోస్ట్‌బ్యాక్ కానప్పుడే బైండ్ చేయండి. కానీ అది ఒక్కటే దారి కాదు, అన్నివేళలా మంచి దారీ కాదు. అలా చేస్తే 33 పేర్లూ వ్యూస్టేట్‌లో మూటకట్టుకుని ప్రతి క్లిక్‌కీ బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య తిరుగుతుంటాయి. జిల్లాల జాబితా రోజూ మారేది కాదు, క్యాష్‌లో పెట్టుకోవచ్చు. ఆ డ్రాప్‌డౌన్‌కి వ్యూస్టేట్ ఆపేసి, ఇజ్‌పోస్ట్‌బ్యాక్ చూడకుండా ప్రతిసారీ ఇనిట్‌లో బైండ్ చేయండి. పోస్ట్‌డేటా వచ్చేసరికి జాబితా సిద్ధంగా ఉంటుంది, ఎంపిక చక్కగా నిలుస్తుంది. లోడ్‌లో షరతు లేకుండా రాస్తే దెబ్బతీసిన బైండింగే ఇనిట్‌లో రాస్తే సరైన కోడ్ అవుతుంది. ఒక్క జాగ్రత్త: వ్యూస్టేట్ లేకపోతే పాత ఎంపిక ఏదో కంట్రోల్‌కి తెలియదు కాబట్టి ఛేంజ్డ్ ఈవెంట్ అనవసరంగా రావచ్చు. ఆ ఈవెంట్ మీద ఆధారపడే డ్రాప్‌డౌన్‌కి వ్యూస్టేట్ ఉంచేయండి.

మీ ఫారంలో జిల్లా తర్వాత మండలం కూడా ఉందన్నారు. మండలం జాబితా జిల్లాని బట్టి మారుతుంది, జిల్లా విలువ ఇనిట్‌లో ఇంకా రాలేదు. కాబట్టి మండలాలను జిల్లా ఛేంజ్డ్ ఈవెంట్‌లో బైండ్ చేసి వాటికి వ్యూస్టేట్ ఉంచండి, జిల్లాకి కూడా ఉంచండి. రంగారెడ్డి ఎంచుకుంటే శేరిలింగంపల్లి, శంషాబాద్ వగైరా మాత్రమే వస్తాయి, రాష్ట్రంలోని మండలాలన్నీ కావు కదా, అంత బరువేమీ ఉండదు. ఛేంజ్డ్ ఈవెంట్లు క్లిక్ కన్నా ముందు నడుస్తాయన్నది ఇక్కడ గుర్తుండాలి. ఆటోపోస్ట్‌బ్యాక్ (ఎంపిక మారగానే పేజీ దానంతట అదే సర్వర్‌కి వెళ్ళే ఏర్పాటు) లేకుండా జిల్లా మార్చి నేరుగా సేవ్ నొక్కితే, మండలాల జాబితా క్లిక్‌కి ఒక్క క్షణం ముందు మారిపోతుంది. అప్పుడు సేవ్ అయ్యేది యూజర్ చూసిన మండలం కాదు. అందుకని ఇలాంటి జతకి ఆటోపోస్ట్‌బ్యాక్ తప్పనిసరి.

రెండోది, కుటుంబ సభ్యుల టెక్స్ట్‌బాక్సులు. మీ మూడు సమస్యల్లో ఇదే కష్టమైనది, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. మార్కప్‌లో రాసిన కంట్రోల్స్‌ని ఫ్రేమ్‌వర్క్ ప్రతి రిక్వెస్ట్‌లో తనే మళ్ళీ సృష్టిస్తుంది. మీరు కోడ్‌లో సృష్టించినవి దానికి తెలియవు. వ్యూస్టేట్ వాటి విలువలను దాస్తుంది కానీ కంట్రోల్స్‌ని సృష్టించదు. వాటిని ప్రతి పోస్ట్‌బ్యాక్‌లోనూ మీరే, అదే ఐడీతో, అదే వరసలో మళ్ళీ పెట్టాలి. వరస ఎందుకంటే, మామూలుగా వ్యూస్టేట్ పిల్ల కంట్రోల్స్‌ని వాటి స్థానాన్ని బట్టి గుర్తుపడుతుంది. పోస్ట్ అయిన విలువలను మాత్రం పేరుని బట్టి. ఐడీ ప్రతిసారీ కొత్తగా తయారుచేసే కోడ్ ఉంటే, పేరు కలవక టైప్ చేసింది గాలికి పోతుంది.

'డైనమిక్ కంట్రోల్స్ ఇనిట్‌లోనే పెట్టాలి' అని ఎక్కడ చూసినా రాస్తారు. సరైన మాటే. కానీ మీ దగ్గర ఎన్ని బాక్సులు పెట్టాలో ఆ లెక్క వ్యూస్టేట్‌లో ఉంది, ఇనిట్‌లో వ్యూస్టేట్ ఇంకా రాలేదు. ఇక్కడే జనం ఇరుక్కుపోతారు. దీనికి రెండు దారులున్నాయి.

ఒకటి, పేజీలో లోడ్‌వ్యూస్టేట్ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేయడం. ముందు బేస్‌ని పిలవండి, ఆ వెంటనే లెక్క చదవొచ్చు. చదివి అన్ని బాక్సులూ ప్లేస్‌హోల్డర్‌లో (కంట్రోల్స్ చేర్చడానికి పేజీలో ఉంచిన ఖాళీ చోటు) పెట్టేయండి. పోస్ట్‌డేటా ఆ తర్వాతే వస్తుంది కాబట్టి యూజర్ టైప్ చేసిన పేర్లు లోడ్‌కల్లా సిద్ధంగా ఉంటాయి.

రెండోది, పేజ్ లోడ్‌లో పెట్టడం. ఆలస్యంగా చేర్చిన కంట్రోల్‌ని ఫ్రేమ్‌వర్క్ వదిలెయ్యదు. పేజీ ఏ మెట్టులో ఉందో అక్కడిదాకా దాన్ని కూడా నడిపించుకుని వస్తుంది. దానికి ఇనిట్ అవుతుంది, దాని వ్యూస్టేట్ వచ్చేస్తుంది. పోస్ట్ అయిన విలువ మాత్రం అప్పటికప్పుడు రాదు, లోడ్ పూర్తయ్యాక సెకండ్ ట్రైలో వస్తుంది. ట్రేస్‌లో చూసిన ఆ లైన్ ఉన్నదే ఇందుకు. కాబట్టి ఈ దారిలో బాక్సులోని పేరు క్లిక్‌లో చదివితే దొరుకుతుంది, లోడ్‌లో చదివితే ఖాళీ. 'ఒకచోట వస్తోంది, ఒకచోట రావట్లేదు' అని టెన్షన్ పడేవాళ్ళలో చాలామంది ఉన్నది ఈ స్థితిలోనే.

ఏ దారి పట్టినా, 'ఇంకో సభ్యుణ్ణి చేర్చు' క్లిక్‌లో చేయాల్సింది రెండే పనులు: ఒక బాక్సు అదనంగా పెట్టడం, లెక్కని ఒకటి పెంచడం. పాతవాటిని అక్కడ ముట్టుకోవద్దు. ఐడీ, మొదటి విలువ లాంటివి ప్లేస్‌హోల్డర్‌లో చేర్చకముందే పెట్టేయండి. చేర్చాక పెడితే వ్యూస్టేట్ నుంచి వచ్చిన విలువ మీద మీరే రాసేసినట్టవుతుంది.

ఇంత చెప్పాక నా అసలు సలహా: ఈ పనికి డైనమిక్ కంట్రోల్స్ వద్దు, రిపీటర్ (ఒకే నమూనాని వరసకొకటిగా చూపే కంట్రోల్) వాడండి. ఎన్ని వరసలున్నాయో తన వ్యూస్టేట్‌లో తనే గుర్తుపెట్టుకుని, పోస్ట్‌బ్యాక్‌లో ఆ వరసలు తనే మళ్ళీ కట్టుకుంటుంది. మీరు చేయాల్సింది, క్లిక్‌లో ఉన్న వరసలన్నిటి నుంచీ విలువలు ఒక జాబితాలోకి తీసి, చివర ఖాళీది ఒకటి చేర్చి, మళ్ళీ బైండ్ చేయడం. కోడ్ సగానికి సగం తగ్గుతుంది. మీ తర్వాత ఆ ఫైల్ తెరిచేవాళ్ళకి లోడ్‌వ్యూస్టేట్ ఓవర్‌రైడ్ ఎందుకుందో వివరించే పని కూడా తప్పుతుంది.

మూడోది, పుట్టినతేదీ. ఇది అయిదు నిమిషాల పని. యూజర్ చేత్తో టైప్ చేయకూడదని ఆ టెక్స్ట్‌బాక్స్‌కి సర్వర్ వైపు రీడ్‌ఓన్లీని ట్రూ చేసి ఉంటారు. బ్రౌజర్ విలువ పంపుతూనే ఉంది. అయితే రీడ్‌ఓన్లీ అని ఉంటే టెక్స్ట్‌బాక్స్ పోస్ట్‌డేటాని పట్టించుకోదు, వ్యూస్టేట్‌లోని పాత విలువనే నిలుపుకుంటుంది. ఆ పాతది ఖాళీ. ప్రాపర్టీ తీసేసి, రీడ్‌ఓన్లీని ఆట్రిబ్యూట్స్ ద్వారా కోడ్‌లో చేర్చండి. బ్రౌజర్‌లో బాక్సు అలాగే బిగుసుకుని ఉంటుంది, సర్వర్‌కి విలువ చేరుతుంది. ఎనేబుల్డ్‌ని ఫాల్స్ చేసిన బాక్సు కథ వేరు, దాన్ని బ్రౌజరే పంపదు.

మీరు అడగలేదు కానీ ఆ అప్లికేషన్‌లో రేపో మాపో ఎదురయ్యేవి కొన్ని ఉన్నాయి.

సేవ్ చేశాక గ్రిడ్‌లో కొత్త వరస కనిపించదు, ఇంకోసారి రిఫ్రెష్ చేస్తే కనిపిస్తుంది. గ్రిడ్‌ని లోడ్‌లో బైండ్ చేశారు, సేవ్ ఆ తర్వాత క్లిక్‌లో జరిగింది. క్లిక్ చివర మళ్ళీ బైండ్ చేయొచ్చు. తెర మీద చివరికి ఏం కనిపించాలన్న నిర్ణయాలను ప్రీరెండర్‌లో పెట్టడం నాకు ఇష్టం. అప్పటికి ఈవెంట్లన్నీ అయిపోయి ఉంటాయి, వ్యూస్టేట్ ఇంకా సేవ్ కాలేదు. ఒక్క చిక్కుంది. విజిబుల్ ఫాల్స్‌గా ఉన్న కంట్రోల్‌కి ప్రీరెండర్ అసలు రాదు. యూజర్ కంట్రోల్ తన ప్రీరెండర్‌లో తనని తాను కనిపించేలా చేసుకోలేదు, ఆ పని దాని పేరెంట్ చేయాలి.

మాస్టర్ పేజీ (అన్ని పేజీలకూ ఉమ్మడి చట్రం) వరస కూడా చాలామందిని తిప్పలు పెడుతుంది. ఇనిట్ లోపలి నుంచి బయటికి వస్తుంది, లోడ్ బయటి నుంచి లోపలికి వెళ్తుంది. మాస్టర్ పేజీని ఫ్రేమ్‌వర్క్ మీ పేజీకి పిల్ల కంట్రోల్‌గానే చూస్తుంది, చూడ్డానికి బయట ఉన్నట్టున్నా. అందుకని ఇనిట్ ముందు మాస్టర్‌కి, తర్వాత పేజీకి. లోడ్ ముందు పేజీకి, తర్వాత మాస్టర్‌కి. లాగిన్ అయిన ఉద్యోగి వివరాలను మాస్టర్ లోడ్‌లో నింపి, పేజీ లోడ్‌లో వాడబోతే నల్ వస్తుంది. నింపే పనిని మాస్టర్ ఇనిట్‌లోకి జరపండి.

రీడైరెక్ట్ గురించి. రెస్పాన్స్ రీడైరెక్ట్‌ని మామూలుగా పిలిస్తే అది అక్కడికక్కడే థ్రెడ్ అబార్ట్ ఎక్సెప్షన్ వేసి పేజీని ఆపేస్తుంది. చుట్టూ ట్రై క్యాచ్ ఉంటే లాగ్ ఫైల్ నిండా ఆ ఎక్సెప్షన్లే. అందుకని రెండో ఆర్గ్యుమెంట్‌గా ఫాల్స్ ఇచ్చి, కంప్లీట్ రిక్వెస్ట్ పిలవమంటారు. అది మంచి పద్ధతే. కానీ అప్పుడు పేజీ ఆగదు. మిగతా ఈవెంట్లు, ప్రీరెండర్, రెండర్ అన్నీ నడుస్తాయి. లోడ్‌లో 'లాగిన్ లేదు, రీడైరెక్ట్' అని ఫాల్స్‌తో రాసి ఊరుకుంటే, కింద డిలీట్ బటన్ క్లిక్ నిశ్చింతగా నడుస్తుంది. లాగిన్ లేనివాళ్ళు కూడా రికార్డు డిలీట్ చేయగలరన్నమాట. అనుమతి తనిఖీని పేజీ లైఫ్‌సైకిల్‌కి వదలకండి, అంతకన్నా ముందే, ఆథరైజేషన్ దశలో వెబ్ కాన్ఫిగ్ ద్వారా చేయించండి.

అప్‌డేట్ ప్యానెల్ (పేజీ మొత్తం కాకుండా ఒక ముక్కనే తాజా చేసే కంట్రోల్) పెడితే పేజీలో ఆ ముక్కే నడుస్తుందని కొందరి నమ్మకం. తెర మీద ఆ ముక్కే మారుతుంది. సర్వర్‌లో మాత్రం మొత్తం లైఫ్‌సైకిల్ నడుస్తుంది, మొత్తం వ్యూస్టేట్ వెళ్తుంది. లోడ్‌లో భారీ క్వెరీ ఉంటే ప్యానెల్ దాన్ని ఆపదు.

ఇంకొకటి భద్రతకి సంబంధించింది, ఇది మాత్రం వాయిదా వేయకండి. మీ అప్లికేషన్ రెండు సర్వర్ల మీద లోడ్ బ్యాలెన్సర్ వెనక నడుస్తోందన్నారు, అప్పుడప్పుడు వ్యూస్టేట్ మ్యాక్ వాలిడేషన్ ఫెయిల్డ్ అని (అంటే వ్యూస్టేట్ మీద సంతకం సరిపోలలేదని) వస్తోందన్నారు. ఒక సర్వర్ సంతకం చేసిన వ్యూస్టేట్‌ని రెండోది గుర్తుపట్టాలంటే రెండింట్లో మెషీన్ కీ (ఆ సంతకానికి సర్వర్ వాడే రహస్య కీ) ఒకటే ఉండాలి. దాన్ని ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన నమూనా నుంచి కాపీ కొట్టకండి. అలా బహిరంగంగా దొరికే మెషీన్ కీలు 3,000కు పైగా ఉన్నాయని, వాటితో వ్యూస్టేట్ ద్వారా సర్వర్‌లోకి కోడ్ ఎక్కించే దాడులు జరుగుతున్నాయని మైక్రోసాఫ్ట్ 2025 ఫిబ్రవరిలో హెచ్చరించింది. కీ తెలిసినవాడు సరైన సంతకంతో తప్పుడు వ్యూస్టేట్ తయారుచేయగలడు, లోడ్‌స్టేట్ మెట్టులో మీ సర్వర్ దాన్ని నమ్మి తెరుస్తుంది. మీ కోడ్‌లో ఒక్క లైన్ కూడా అప్పటికి అడ్డుపడదు. ఐఐఎస్ మేనేజర్‌లో మెషీన్ కీ అనే చోట కొత్త కీలు జనరేట్ చేసే ఏర్పాటు ఉంది. అక్కడ తయారుచేసి రెండు సర్వర్లకీ పెట్టండి, ఆ కీలున్న కాన్ఫిగ్‌ని సోర్స్ కంట్రోల్‌లోకి పంపకండి. కీ మారిన క్షణంలో తెరిచి ఉన్న పేజీలన్నీ ఎర్రర్ ఇస్తాయి. కీ ఫారమ్స్ లాగిన్ కుకీకి కూడా వాడతారు కాబట్టి అందరూ మళ్ళీ లాగిన్ కావాల్సి రావచ్చు. ఆఫీసు వేళల్లో కాకుండా రాత్రి మార్చండి, కౌంటర్లలో కూర్చునేవాళ్ళకి ముందురోజే చెప్పండి.